పాట కింద దాచిన మాట

వీడియోలు ఎలా నడుస్తాయో చెప్పమని ఇప్పుడు జనం నన్ను అడుగుతున్నారు. సూరత్ డిండోలిలో మా గల్లీ చివర టీకొట్టు దగ్గర ఒక్క నిమిషం నిలబడితే చాలు, మనవాళ్లు ఇద్దరో ముగ్గురో చేరతారు. "అన్నా, జర మాకు సుత నేర్పియ్యరాదే. ఏం పెడితే పైకి లేస్తది?" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. అయినా చెబుతాను. సామాను చూపించకండి, మనిషి ముఖం చూపించండి అంటాను. మిషన్ల చప్పుడు తీసేసి పాట వేయండి అంటాను. రోజూ పెట్టండి, మానకండి అంటాను. చెప్పి, టీ తాగి, గ్లాసు అక్కడ పెట్టి వచ్చేస్తాను. ఆ నాలుగు ముక్కలూ నాకెలా ఒంటబట్టాయో మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

పద్దెనిమిదేళ్లు పాండేసరలో సాంచెల మీద పనిచేశాను. పవర్‌లూమ్‌ను మా వైపు సాంచె అంటారు. ఒక్క హాల్లో అన్ని సాంచెలు ఒకేసారి కొట్టుకుంటుంటే పక్కవాడు చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అలాగని పన్నెండు గంటలు మాట్లాడకుండా ఎవడుంటాడు? అందుకని మేం గొంతు వాడం. పెదవులు వెడల్పుగా కదుపుతాం, అవతలివాడు చదువుకుంటాడు. నాలుగు వరసల అవతలున్న మనిషితో కూడా పెళ్లి సంగతులు, కూరల సంగతులు, బూతులు, అన్నీ అలాగే నడుస్తాయి. కొత్తగా వచ్చినవాడికి సాంచె పట్టుబడడానికి ఆరు నెలలు పడితే పెదవులు చదవడం రెండు నెలల్లో వచ్చేస్తుంది. రాకపోతే పిచ్చెక్కుతుంది మరి. ఒక్కటే కట్టుబాటు. హాలు మీద పెత్తనం చేసే మాస్టర్‌కు తెలియకూడని మాటైతే ఆయన వైపు వీపు పెట్టి చెప్పాలి. మాస్టర్ కూడా ఒకప్పుడు సాంచెలు నడిపినవాడే, పైగా మన తెలుగువాడే. కాబట్టి హాలు ఆ చివర నుంచి కూడా చదివేస్తాడు.

నా ఎడమ చెవి ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. ఒకరోజు ఫోన్ ఆ చెవికి పెట్టుకుంటే అవతల ఎవరూ లేనట్టుంది. కుడి చెవి సగం పనిచేస్తుంది. మా ఆవిడ సూరత్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. తెలుగులో మొదలుపెట్టి, హిందీలో తిట్టి, గుజరాతీలో ముగిస్తుంది. ఆ ముగింపులు నాకు సగం వినపడవు కాబట్టే మా సంసారం ఇన్నేళ్లు నిలిచిందని అంటుంటుంది. నిజమేనేమో.

నాకు ఈ వీడియోల పిచ్చి ఎందుకు పట్టిందంటే, సాంచె మీద ముసలివాణ్ణి కాదలచుకోలేదు. అంతే. మార్కెట్‌లో చీరలు చూపిస్తూ ఫోన్ ముందు నిలబడే మనవాళ్లు కొందరు అప్పటికే సాంచెలు వదిలేసి చల్లగా కూర్చుంటున్నారు. నాకేం తక్కువ అనుకున్నాను. హిందీలో పాఠాలు చెప్పే ఒక కళ్లజోడు మనిషి ఫోన్‌లో దొరికాడు. ఆయన గొంతు ఎలా ఉంటుందో నాకిప్పటికీ తెలియదు. తిండి వేళ హాలు బయట కూర్చుని, రొట్టె ఒక చేత్తో పట్టుకుని, ఆయన పెదవులు చదివేవాణ్ణి. మొదటి మూడు సెకన్లలో చూసేవాణ్ణి ఆపాలి అనేవాడు. ముఖం ఆపుతుంది అనేవాడు. జనం కింద రాయాలి, మళ్లీ వెనక్కి వచ్చి చూడాలి, అప్పుడే ఫోన్ లోపలున్న లెక్క నీ వీడియోను ఇంకో పదిమంది ముందుకు తోస్తుంది అనేవాడు. చేతులు తెగ తిప్పేవాడు.

నా మొదటి వీడియోలు చూస్తే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. పోగు తెగితే ఎలా ముడివేయాలి, బట్టలో గీత ఎందుకు పడుతుంది, ఇలాంటివి. చక్కగా, ఓపిగ్గా, బడిపంతులులా. చూసింది మా బావమరిది, ఇంకో ఇద్దరు. ఒకరోజు మా ఆవిడ ఫోన్ చేతిలోకి తీసుకుని చూసి రెండో సెకనులో దూరం పెట్టేసింది.

"ఏందయ్యా ఈ చప్పుడు! తలకాయ పగులుతుంది. గిది ఎవలు జూస్తరు?"

"చప్పుడున్నదా?" అన్నాను.

ఆమె నా ముఖం చూసి ఫోన్ నా చేతిలో పెట్టేసింది. నా చెవికి ఆ చప్పుడు చప్పుడే కాదు. అందుకని ఆ రోజు నుంచి సాంచెల మోత మొత్తం తీసేసి పాట వేయడం నేర్చుకున్నాను. ఏ పాట వేయాలో ఆమే ఎంచేది. నేను తలూపేవాణ్ణి.

ఇక కాక సంగతి. వరసకు కాక, అంటే చిన్నాన్న. మా ఊరికి పక్క ఊరు. పంతొమ్మిదేళ్లప్పుడు నన్ను రైలెక్కించి సూరత్ తెచ్చింది ఆయనే. తన గదిలో చాప వేసింది ఆయనే, పెదవులు చదవడం నేర్పిందీ ఆయనే. మొదటి వారం నాకేమీ అర్థం కాక బిక్కమొహం వేసుకుని నిలబడితే ప్రతి మాటా నోరు సాగదీసి, నవ్వించి నవ్వించి నేర్పాడు. ముప్పై ఏళ్ల సాంచె ఆయనది. రెండు చెవులూ ఎప్పుడో పోయాయి. దగ్గరగా నిలబడి గట్టిగా అరిస్తే తప్ప వినపడదు. ఆయనకు మనుషులంటే పెదవులే.

దీపావళికి ఇంకా నెల ఉంది. సూరత్‌లో దీపావళికి కార్ఖానాలన్నీ మూతపడతాయి, అందరం ఊళ్లకు పోతాం. ఆ రోజు పొద్దున నేను ఫోన్‌ను పాత నూలుతో స్తంభానికి కట్టి, సాంచె మనిషి దినచర్య అని వీడియో తీస్తున్నాను. మాస్టర్ చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. కాక తన సాంచె వదిలి నా దగ్గరికి వచ్చాడు. మాస్టర్ వైపు వీపు పెట్టాడు. అలా పెట్టేసరికి ఆయన ముఖం సరిగ్గా ఫోన్‌కు ఎదురుగా వచ్చింది. పైన ట్యూబులైటు. పక్కన నేను.

"కుడి కన్ను పోయింది బిడ్డా," అన్నాడు గొంతు లేకుండా. "ఎడమది సుత మసక మసకనే ఉన్నది. చేతితోని తడిమి నడుపుతున్న. దీపావళికి ఊరికి పోయి చూపిచ్చుకుంట. గప్పటిదాక ఎవలకు చెప్పకు. తెలిస్తే నా సాంచె ఇంకొకనికి ఇస్తరు. ఒక్కపారి చెయ్యిడిస్తే మల్ల రాదు."

"చెప్ప కాకా," అన్నాను, నేనూ పెదవులతోనే.

నా భుజం తట్టి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఆయన సాంచె మీద కూడా నేనే ఒక కన్ను వేసి ఉంచాను. పోగు తెగితే వెళ్లి ముడివేసేవాణ్ణి. చేతికి పని పెరిగింది కానీ విసుక్కోలేదు. ఆ మాత్రం మనిషినే నేను.

మిషన్లకు సెలవు వచ్చిన ఆదివారం ఇంట్లో కూర్చుని ఆ వీడియో కత్తిరించడం మొదలుపెట్టాను. అటూ ఇటూ జరుపుతుంటే కాక ముఖం వచ్చింది. ఆపాను. అంతవరకు నా వీడియోల్లో ఎవరి ముఖమూ అలా లేదు. మావాళ్లు ఫోన్ చూడగానే బిగుసుకుపోతారు, లేకపోతే పళ్లికిలిస్తారు. కాక ముఖంలో అవేమీ లేవు. ఫోన్ ఉందన్న సంగతే ఆయనకు తెలియదు కదా. తన కన్ను పోయిందని చెబుతున్న మనిషి ముఖం అది. కళ్లజోడు మనిషి చెప్పే ముఖం ఇదే అనిపించింది.

ఆ మాటలు నేను చదవలేదా అంటే చదివాను. పాట ఎక్కడ మొదలుపెట్టాలో కుదరక పదిసార్లు వెనక్కి తిప్పి చూశాను, పదిసార్లూ చదివాను. ఏమీ అనిపించలేదు. అదే నాకు ఇప్పటికీ అంతుపట్టదు. మాట మీద పాట వేస్తున్నాను కదా, ఇక మాట ఎక్కడుంది అనుకున్నాను. వీడియో చూసేవాళ్లంటే నా దృష్టిలో చెవులున్నవాళ్లు, చీరలు కొనేవాళ్లు, ఏసీ గదుల్లో ఉండేవాళ్లు. వాళ్లకు పాట వినపడుతుంది, అంతే. సాంచె మనుషులు కూడా ఫోన్లు చూస్తారని, వాళ్లకు పాట అడ్డం కాదని నా బుర్రకు తట్టలేదు. పద్దెనిమిదేళ్లు పెదవులు చదువుకుని బతికినవాణ్ణి, నాకు తట్టలేదు! ఛీ, నా మొహం.

ముప్పై ఏళ్ల సాంచె బతుకు అని పైన రాసి పెట్టేశాను. పదకొండు గంటలకేమో.

అన్నం తినే వేళకు అది నడుస్తోంది. నా పేజీలో ఎప్పుడూ చూడనంత మంది. మా ఆవిడ పక్కన కూర్చుని, మార్కెట్ నుంచి తెచ్చుకున్న చీరలకు రాళ్లు అతికిస్తూ, మధ్యమధ్య ఫోన్ చూసి చదివేది. పాట బాగుందని ఒకరు. ఏడుపొచ్చిందని ఒకరు. దండం పెట్టే బొమ్మలు. నాకు కడుపు నిండిపోయింది, రెండో ముద్ద దిగలేదు. అప్పుడు ఆమె చెయ్యి ఆగింది.

"అయ్యా, భివండీ నుంచి ఎవలో రాసిండ్రు. కాకకు కన్ను కనిపిస్తలేదట గద పాపం, అని. ఏంది ఇది?"

భివండీలోనూ సాంచెలే, అక్కడా మనవాళ్లే. ఆమె ఇంకా కిందికి జరిపింది. ఇంకొకడు, ఎడమ కన్నట అని. వాడికి ఎవరో జవాబు, మల్ల చూడు, కుడి కన్ను అన్నడు, ఎడమది మసక అన్నడు అని. సిరిసిల్ల నుంచి ఒకరు, చేతితో తడిమి నడుపుతుండట, ఎవలకు చెప్పకు అంటుండు అని. కాదు, చెయ్యిడిస్తే రాదు అంటుండు అని ఇంకొకరు. వాళ్లు వాదించుకుంటున్నారు. వాదించుకోవడానికి వెనక్కి వచ్చి మళ్లీ మళ్లీ చూస్తున్నారు. చూసేకొద్దీ అది పైకి పోతోంది. కళ్లజోడు మనిషి చెప్పినవన్నీ ఒక్కొక్కటే నా కళ్ల ముందు జరుగుతున్నాయి.

"గాయన నీకు చెప్పుకున్నడా గిది? నువ్వు గిట్ల పెట్టినవా?" మా ఆవిడ గొంతు లేచింది. అంత బాగా ఆమె నాకెప్పుడూ వినపడలేదు. "తీసెయ్యి. అభీ కే అభీ తీసెయ్యి!"

"తీస్త. ఒక్క గంట ఆగు."

"గంట ఎందుకు?"

ఎందుకో చెబితే ఆమె ముందు నిలబడలేను. పైకి పోతోంది, అందుకని. నా జన్మలో మొదటిసారి ఏదో ఒకటి పైకి పోతోంది. ఇప్పుడు తీసేస్తే పేజీ పడిపోతుందని కళ్లజోడు మనిషి గట్టిగా చెప్పాడు. సాయంత్రం తీస్తాను, అప్పటికి మాస్టర్ చూడడులే అనుకున్నాను. ఆదివారం మాస్టర్ ఏం చేస్తాడనుకున్నానో! ఆయనకూ ఫోన్ ఉంది, ఆయనకూ సెలవే.

సాయంత్రమైంది. తీయలేదు. ఆమె చీరలు మూటగట్టి గోడవైపు తిరిగి పడుకుంది. నేను ఫోన్ చేతిలో పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. భయం వేసిందని చెబితే బాగుంటుంది. వేయలేదు. చెవి పోయినప్పుడు ఎలా ఉండిందో అలాగే, అవతల ఎవరూ లేనట్టు ఉండింది.

సోమవారం పొద్దున షిఫ్టు ఎక్కిన పావుగంటకు మాస్టర్ కాక సాంచె దగ్గరికి వచ్చాడు. సాంచె ఆపాడు. తెల్ల నూలు అది. దాంట్లో ఒక పోగు తెంపి వెనక్కి జరిగాడు.

"ఏడ తెగిందో చూపియ్యి," అన్నాయి మాస్టర్ పెదవులు.

కాక నవ్వాడు. చెయ్యి ముందుకు చాపి పోగుల మీద మెల్లగా వేళ్లు నడిపించాడు. సరిగ్గా తెగిన చోట ఆగాడు. ఆ హాల్లో కళ్లున్న మేం ఎవరమూ అంత తొందరగా పట్టుకోలేం. మాస్టర్ ఆ చెయ్యి తీసి పక్కన పెట్టాడు.

"చేతితోని గాదు. కంటితోని చూపియ్యి. చెయ్యి ఇరుక్కుంటే రేపు నన్నడుగుతరు."

ఇంకో పోగు తెంపాడు. కాక చేతులు వెనక్కి కట్టుకుని వంగాడు. చూశాడు. ఇంకా వంగాడు. ముక్కు నూలుకు ఆనింది. చుట్టూ సాంచెలన్నీ నడుస్తూనే ఉన్నాయి, అందరం తల వంచుకుని మా పోగులు చూసుకుంటున్నాం. అందరూ వీడియో చూసినవాళ్లే. ఒక్క కాకే చూడలేదు.

సంచి తీసుకుని పోతూ నా దగ్గర ఆగాడు. అప్పుడు కూడా, అలవాటు, మాస్టర్‌కు వీపు పెట్టాడు.

"నువ్వు చెప్పినవా బిడ్డా?"

"లేదు కాకా."

"గదే అనుకున్న. నువ్వు చెప్పవు," అన్నాడు. "ఎట్ల తెలిసిందో మరి."

నోరు విప్పి ఎవరికీ చెప్పలేదు నేను. అదొక్కటి పట్టుకుని ఆ రోజంతా సాంచె నడిపాను. మధ్యాహ్నం కల్లా ఆయన సాంచె మీద కొత్త మనిషి వచ్చాడు. వాడికి పోగులు బాగానే కనిపించాయి.

ఇక వీడియో తీసేసి ఏం లాభం? తీయలేదు. ఇప్పటికీ ఉంది. దాని వెంటే నా పేజీ లేచింది. దీపావళి తరువాత నేను సాంచె మానేశాను. మార్కెట్ దుకాణాలవాళ్లు పిలిచి చీరలు చూపించమంటున్నారు, చల్లటి గదిలో పరుపు మీద కూర్చుంటున్నాను. మా ఆవిడ రాళ్లు అతికించే పని మానేసింది. నా వీడియోలకు పాటలు ఎంచడం కూడా మానేసింది. అడిగితే, "నువ్వే ఎంచుకో, నీకన్నీ తెలుసుగద," అంటుంది.

కాక దీపావళికి ఊరికి పోయాడు. షుగర్ వల్ల కంటి నరం పోయిందన్నారట. ఎడమ కంటి చూపు ఇంకా తగ్గకుండా మందులు ఇచ్చారట. తిరిగివచ్చి ఇక్కడే కోసాడ్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆమె మొగుడు ఆటో నడుపుతాడు. పోవాలి పోవాలి అనుకుంటూనే చలికాలం గడిపేశాను. చివరికి మా ఆవిడే ఒక పొద్దున నా చేతిలో అరటిపండ్ల సంచి పెట్టింది. "పో. పోయి చెప్పు," అంది. ఏం చెప్పాలో అనలేదు, నేనూ అడగలేదు.

రెండు బస్సులు మారి పోయాను. పొడుగాటి కాలనీ, అన్నీ ఒక్కలాంటి మేడలు. రెండో అంతస్తు వరండాలో, బట్టలు ఆరేసిన తాళ్ల కింద, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. వరండా అంతా ఆడవాళ్లు, ఒకరు బియ్యం ఏరుతున్నారు, ఇంకొకరు పిల్లకు తల దువ్వుతున్నారు. కూతురు నన్ను చూసి సంబరపడింది.

"రా అన్నా! నాయిన వీడియో ఎవలో స్టేటస్‌ల పెడితే నేను సుత చూసిన. మస్తు ఫేమస్ అయిండు గద! నాయినకు సుత చూపిచ్చిన. ఏం గనిపియ్యలే, పాట సుత వినపడలే ఆయనకు."

ఆమె టీ పెట్టడానికి లోపలికి పోయింది. నేను మెట్ల దగ్గరే నిలబడిపోయాను. కాక ముఖం ఇటే ఉంది. మా మధ్య ఏడెనిమిది అడుగులుంటాయేమో, హాల్లో అయితే అది దూరమే కాదు. ఎవరికీ వినపడకుండా, ఆయన నేర్పిన పద్ధతిలోనే, పెదవులు బాగా వెడల్పుగా కదిపి చెప్పాను.

"నేనే కాకా. నా వీడియో వల్లనే నీ సాంచె పోయింది. తెలిసి సుత తియ్యలే. తప్పైంది."

మొత్తం చెప్పేశాను. ఇన్ని నెలల తరువాత కళ్లలో నీళ్లు వచ్చాయి. కాక కళ్లు చికిలించాడు. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఎవలు? నువ్వేనా బిడ్డా?" అన్నాడు, చెవిటివాళ్లు మాట్లాడేంత గట్టిగా. "పెదవులు గనిపిస్తలేవురా. ఏదో అంటున్నవు. జర దగ్గరికొచ్చి గట్టిగ చెప్పు."

వరండాలో ఆడవాళ్లందరూ తలలెత్తి చూశారు. కూతురు టీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చింది. నేను వెళ్లి ఆయన పక్కన కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టాను. ఆయన చెయ్యి నా భుజం మీద వేసి, వినడానికి కళ్లు మూసుకున్నాడు.

"అన్నం తిన్నవా అని అడిగిన కాకా!" అని అరిచాను.

"తిన్న బిడ్డా," అన్నాడు. "నువ్వు తిన్నవా?"